రక్తం చెప్పే జోస్యం

2021 ఏప్రిల్, మే మాసాలలో ఢిల్లీ నగరం ఒక కొత్త పరిభాషను నేర్చుకున్నది. అంతవరకు వైద్య కళాశాలల గోడలు దాటని సి.ఆర్.పి., డి-డైమర్, ఫెరిటిన్ వంటి మాటలు మంత్రుల బంగళాల నుంచి ఆటో స్టాండుల వరకు అందరి నోళ్లలోనూ నానాయి. ఇక్కడ స్థిరపడిన తెలుగువారు నాకు టెలిఫోను చేసి, “నాన్నగారికి సి.ఆర్.పి. నలభై వచ్చిందండీ, ఎవరైనా పెద్ద డాక్టరుతో మాట్లాడించగలరా?” అని అడిగేవారు. ఆయన నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారని నేనడిగితే చాలామంది వద్ద సమాధానం ఉండేది కాదు. కాగితం మీది అంకె తెలుసు. మంచం మీది మనిషి శ్వాస తెలియదు.

ఈ పరీక్షలకు శాస్త్రీయమైన ఆధారం లేకపోలేదు. కోవిడ్ సోకినవారిలో అధికసంఖ్యాకులు వారం పది రోజుల్లో తేరుకున్నారు. కొందరిలో మాత్రం, వైరస్‌ను ఎదిరించవలసిన దేహరక్షణ వ్యవస్థే అదుపు తప్పి ఊపిరితిత్తుల మీద విరుచుకుపడింది. ఆ కొందరెవరో ముందుగా పోల్చుకోవడమే వైద్యుని సమస్య. శరీరంలో ఎక్కడ వాపు, తాపం పుట్టినా కాలేయం తయారుచేసే ప్రోటీను సి.ఆర్.పి. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అనే శాస్త్రజ్ఞులు దీనిని కనుగొన్నది న్యుమోనియా రోగుల రక్తంలోనే. రక్తపు గడ్డలు కరిగేటప్పుడు వెలువడే తునక డి-డైమర్. లింఫోసైట్లనే తెల్లకణాలు తగ్గిపోవడం మరొక సూచన. వూహాన్‌లో 191 మంది రోగులను పరిశీలించి 2020 మార్చిలో ప్రకటించిన అధ్యయనంలో, ఆసుపత్రిలో చేరేనాటికే డి-డైమర్ మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము మించినవారికి ప్రాణాపాయం హెచ్చని తేలింది.

అయితే సూచన వేరు, తీర్పు వేరు. పంటిచిగురు చీము పట్టినా సి.ఆర్.పి. పెరుగుతుంది, గర్భిణులలోను, వృద్ధులలోను డి-డైమర్ సహజంగానే హెచ్చుగా ఉంటుంది. ఈ వివేకం లోపించినందువల్లనే, స్వల్ప లక్షణాలున్నవారు సైతం అంకెను చూసి బెదిరి తొలి రోజులలోనే స్టెరాయిడ్లు మింగారు. ఆక్సిజన్ అవసరమైన రోగులలో మరణాలను తగ్గించిన డెక్సామెథాసోన్, ఆ అవసరం లేనివారికి మేలు చేయలేదని బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ పరీక్షలు 2020 జూన్‌లోనే వెల్లడించాయి. స్వల్ప లక్షణాలకు ఈ రక్త పరీక్షలు అక్కరలేదని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ డైరెక్టరు డాక్టర్ రణదీప్ గులేరియా 2021 మే 3న బహిరంగంగా హెచ్చరించవలసి వచ్చింది. ఆ నెలలోనే బ్లాక్ ఫంగస్ విజృంభించింది. అదుపులేని మధుమేహంతోపాటు స్టెరాయిడ్ల విచ్చలవిడి వాడకాన్ని వైద్యులు అందుకు కారణంగా చూపారు.

ఇదే అంకె, ఉండవలసిన చోట ఉన్నప్పుడు ప్రాణం నిలిపింది. అదే ‘రికవరీ’ పరీక్షలలో, ఆక్సిజన్ తగ్గి, సి.ఆర్.పి. లీటరుకు 75 మిల్లీగ్రాములు లేక అంతకు మించిన రోగులకు మాత్రమే టోసిలిజుమాబ్ ఇచ్చి చూశారు. 28 రోజులలో మరణాలు 35 శాతం నుంచి 31 శాతానికి దిగాయి. ఖరీదైన మందు ఎవరికి అవసరమో నిర్ణయించడానికి చౌకైన రక్త పరీక్ష తోడ్పడింది.

మరొక సంగతి కూడా గమనార్హం. 2020 సెప్టెంబరులో బ్రిటిష్ వైద్యులు ప్రకటించిన ‘4సి’ అనే ప్రమాద సూచికలో అంశాలు ఎనిమిది. వాటిలో రక్తం తీసి చూడవలసినవి యూరియా, సి.ఆర్.పి. రెండే. వయసు, స్త్రీపురుష భేదం, ఇతర వ్యాధులు, శ్వాసల సంఖ్య, రక్తంలో ఆక్సిజన్, స్పృహ అనే తక్కిన ఆరింటిని వేలికి తగిలించే చిన్న పరికరంతో, గడియారంతో, నాలుగు ప్రశ్నలతో ఏ పల్లెలోనైనా తెలుసుకోవచ్చు.

కనుక ఇది వైద్యుల గదిలో తేలిపోయే వ్యవహారం కాదు. ప్రభుత్వ విధానానికి సంబంధించినది. డబ్బున్నవాడు రోజుకొకసారి రక్తం ఇచ్చి అనవసరపు మందు తెచ్చుకున్నాడు. లేనివాడు పరీక్ష అవసరమైన ఘడియలో సైతం దానికి నోచుకోలేదు. ప్రైవేటు ఆసుపత్రులు విపరీతమైన రుసుములు గుంజాయని పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం 2020 నవంబరు నివేదికలోనే అభ్యంతరం తెలిపింది. ప్రజారోగ్య వ్యయాన్ని రెండేళ్లలో జాతీయోత్పత్తిలో 2.5 శాతానికి చేర్చాలని కోరింది. 2021-22లో అది 1.84 శాతమేనని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. ఆ సంవత్సరం మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు తమ జేబుల నుంచి చెల్లించుకున్నదే.

ఏ స్థాయి ఆసుపత్రిలో ఏ పరీక్షలు ఉండాలో నిర్దేశించే జాతీయ జాబితాను భారత వైద్య పరిశోధన మండలి 2019లోనే రూపొందించింది. జాబితా ఉన్నంత మాత్రాన రక్తనాళిక, దానిని చదివే టెక్నీషియను, అంకెను రోగితో పోల్చి చూసే వైద్యుడు వాటంతట అవే రారు. మన సభ్యులు ప్రశ్నోత్తరాల సమయంలో అడగదగిన ప్రశ్న ఇది: తమ నియోజకవర్గంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఎన్నింట, ఉదయం తీసిన రక్తానికి సాయంత్రంలోగా ఫలితం వస్తున్నది? మరో మహమ్మారి రాకముందే ఆ సమాధానం రాబట్టడం మంచిది.