ఇంటి యజమాని పోయిన తరువాత పింఛను, పన్ను



పైరుకు తెగులు తగిలితే ఏ మందు కొట్టవలెనో మనము అడిగి తెలుసుకుంటాము. ఇంటి యజమాని కన్నుమూస్తే ఆయన పేరున ఉన్న పింఛను ఖాతా ఏమవుతుందో మాత్రం అడిగేవారు తక్కువ. నంద్యాల చుట్టు కె.సి. కాలువ కింది ఊళ్లలోనూ, ఆళ్లగడ్డ వైపు నల్లమల అంచు పల్లెల్లోనూ ఒక మాట వినబడుతుంటుంది. "ఖాతా అట్లే పెట్టుకుంటే పన్ను కింద సర్కారు పట్టుకుంటుందంట, తొందరగా తీసేసుకో అక్కా" అని. ఈ భయానికి ఆధారం లేదు. కాని ఆ భయంతో ఖాతా మూసుకుంటే వచ్చే నష్టం మాత్రం నిజమైనది.

మొదట అటల్ పెన్షన్ యోజన సంగతి చూద్దాము. ఇది 2015 మే నెలలో మొదలైంది. 18 మొదలు 40 ఏండ్ల వయసువారు బ్యాంకులోగాని, పోస్టాఫీసులోగాని చేరవచ్చును. 60 ఏండ్లు నిండిన పిమ్మట, ఎంచుకున్న మేరకు నెలకు 1,000 నుంచి 5,000 రూపాయల వరకు పింఛను వస్తుంది. ఆదాయపు పన్ను కట్టేవారు కొత్తగా చేరడానికి 2022 అక్టోబరు 1 నుంచి వీలు లేదు.

ఒక లెక్క వేద్దాము. ఒక రైతు తన 30వ ఏట 5,000 రూపాయల పింఛనుకు చేరి, నెలకు 577 రూపాయలు కడుతూ వచ్చినాడనుకోండి. 42వ ఏట ఆయన పోయినాడు. భార్యకు అప్పటికి 36 ఏండ్లు. ఆమె ముందు రెండు దారులున్నవి.

మొదటిది, పోగైన సొమ్మంతా తీసుకొని ఖాతా మూయడం. పన్నెండేండ్లలో కట్టినది 83,088 రూపాయలు. దానిమీద పెరిగిన రాబడి కూడా కలిసి చేతికి వస్తుంది.

రెండవది, ఖాతాను తన పేరుకు మార్పించుకొని అదే 577 రూపాయలు కడుతూ పోవడం. ఎంతకాలము? భర్త బ్రతికి ఉంటే ఆయనకు 60 ఎప్పుడు నిండేవో అప్పటిదాకా, అంటే ఇంకా 18 ఏండ్లు. ఈ కాలంలో ఆమె కట్టేది 1,24,632 రూపాయలు. అప్పటికి ఆమెకు 54 ఏండ్లే. తనకు 60 నిండేదాకా ఆమె ఆగనక్కరలేదు. అప్పటినుంచే నెలకు 5,000 వంతున బ్రతికినంతకాలము వస్తుంది. ఆమె తదనంతరం నామినీగా ఉన్న బిడ్డలకు సుమారు 8,50,000 రూపాయలు అందుతుంది. ఆమెకు సొంతంగా మరొక అటల్ ఖాతా ఉన్నా దీనికి అడ్డు లేదు.

ఇప్పుడు చెప్పండి, పన్ను భయంతో ఖాతా మూయడం, పాలు పోసుకోకముందే వరిని పశువుల మేతకు కోసినట్లు కాదా? అట్లని సొమ్ము తీసుకోవడం ఎప్పుడూ తప్పేననడం లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పు నెత్తిమీద ఉండి, నెలకు 577 రూపాయలు కూడా తీయలేని ఇంటికి మొదటి దారే మేలు కావచ్చును. అయితే ఆ నిర్ణయం ఆమెది. దినాలు కాకముందే బంధువులు ఆమెను తొందరపెట్టరాదు.

2019లో వచ్చిన కిసాన్ మాన్‌ధన్ యోజన పద్ధతి వేరు. ఇది రెండు హెక్టార్ల లోపు భూమి ఉన్న సన్నకారు, చిన్నకారు రైతులది. నెలకు 55 నుంచి 200 రూపాయల వరకు రైతు కడితే, అంతే సొమ్ము కేంద్రం కలుపుతుంది. 60 నిండినాక నెలకు 3,000 పింఛను. పింఛను తీసుకుంటూ రైతు పోతే భార్యకు అందులో సగము, 1,500 రూపాయలు వస్తుంది. 60కి ముందే పోతే ఆమె కడుతూ కొనసాగవచ్చును, లేదా భర్త కట్టిన భాగాన్ని వడ్డీతో తీసుకోవచ్చును. ఇద్దరూ పోయిన తరువాత మిగిలిన సొమ్ము తిరిగి నిధికే చేరుతుంది, పిల్లలకు రాదు. అటల్ ఖాతాకూ దీనికీ ముఖ్యమైన తేడా ఇదే.

ఇక పన్ను. చనిపోయినవారి ఆస్తి మీద వేసే ఎస్టేట్ సుంకం మన దేశంలో 1953లో వచ్చి 1985లో రద్దయింది. అటల్ ఖాతాదారు మరణిస్తే నామినీకి ఒకేసారి వచ్చే సొమ్ము ఆదాయపు లెక్కలోకి రాదు. నెలనెలా వచ్చే పింఛను మాత్రం ఆదాయమే. కాని నెలకు 5,000 అంటే ఏడాదికి 60,000. 2025 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతిలో 4,00,000 రూపాయల వరకు పన్నే లేదు. సేద్యపు రాబడి మీద కూడా ఆదాయపు పన్ను లేదు.

భర్త ఉద్యోగం చేసి పోతే వచ్చే కుటుంబ పింఛను కూడా ఆదాయమే. కొత్త పద్ధతిలో దానిలో మూడవ వంతుగాని, 25,000 రూపాయలుగాని, ఏది తక్కువైతే అది తీసివేసి లెక్కకడతారు. ఏడాదికి 3,00,000 వస్తే 2,75,000 లెక్కకు వస్తుంది. వేరే ఆదాయం లేకుంటే దానికీ పన్ను పడదు. ఒకేసారి వచ్చిన సొమ్మును బ్యాంకులో డిపాజిట్ చేస్తే, దానిమీద వచ్చే వడ్డీ మాత్రం ఆమె ఆదాయంలో చేరుతుంది.

చేయవలసిన పనులు కొద్దే. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించి ధ్రువపత్రం తీసుకోండి. ఖాతా ఉన్న బ్యాంకుకు వెంటనే తెలపండి. భర్త పొదుపు ఖాతా ఆగిపోతే నెల కంతు కూడా ఆగిపోతుంది. కొనసాగిస్తారో, మూస్తారో తేల్చుకోకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయవద్దు. పన్ను తప్పిస్తామని చెప్పే దళారికి పైసా ఇవ్వవద్దు.

విస్తరణ ఉద్యోగులు విత్తనాల సమావేశంలోనే ఈ నాలుగు మాటలు చెప్పవలెను. రైతు సోదరులు ఈవేళ ఇంటికి పోయి పింఛను కాగితం తీసి, నామినీగా ఎవరి పేరు ఉన్నదో చూచి, అది ఎక్కడ దాచినారో ఇంటి ఇల్లాలికి చూపండి.