వెర్న్ ఫిరంగిలోంచి వచ్చిన రాకెట్

జూల్స్ వెర్న్ 1865లో రాసిన ‘భూమి నుంచి చంద్రుడికి’ నవలలో అమెరికా అంతర్యుద్ధం ముగిసి, ఫిరంగుల నిపుణులకు పని లేకుండా పోతుంది. ఊరికే కూర్చోవడం దేనికని వాళ్లు 900 అడుగుల ఫిరంగి ఒకటి పోత పోస్తారు. అల్యూమినియం గుండులో ముగ్గురు మనుషుల్ని కూర్చోబెట్టి ఫ్లోరిడా నుంచి చంద్రుడి మీదికి పేలుస్తారు. 1870 నాటి రెండో భాగంలో ఆ ముగ్గురూ చంద్రుణ్ణి చుట్టివచ్చి పసిఫిక్ సముద్రంలో పడతారు. చంద్రుడి దాకా వెళ్లిన అపోలో యాత్రికులూ ముగ్గురేసే, బయల్దేరిందీ ఫ్లోరిడా నుంచే, దిగిందీ పసిఫిక్‌లోనే. వెర్న్ నూరేళ్ల ముందే జోస్యం చెప్పాడని పత్రికలు మురిసిపోతుంటాయి.

నాకు ఆ జోస్యాల మీద పెద్ద గురి లేదు. ఫ్లోరిడా సంగతే చూడండి. చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు నిట్టనిలువుగా పేల్చాలన్నది నవలలోని ఆలోచన. చంద్రుడు అలా నడినెత్తికి వచ్చేది భూమధ్యరేఖకు ఇరువైపులా సుమారు 28 డిగ్రీల లోపే. అందుకే అమెరికా దక్షిణపు కొసను ఎంచుకున్నారు. నేటి ఇంజనీర్లు భూమధ్యరేఖ వైపు జరగడానికి కారణం వేరు. అక్కడ భూమి తన చుట్టూ తాను తిరిగే వేగం ఎక్కువ కాబట్టి, తూర్పుగా వదిలిన రాకెట్‌కు ఆ వేగం ఉచితంగా కలిసివస్తుంది. మన శ్రీహరికోట దగ్గర అది సెకనుకు సుమారు 450 మీటర్లు.

వెర్న్ మేలు చేసింది జోస్యంతో కాదు, తప్పుతో. అదీ అంకెలతో సహా చేసిన తప్పు. గణితం బోధించే బంధువు ఒకరి చేత ఆయన లెక్కలు సరిచూపించుకున్నాడు. గుండు సెకనుకు 12,000 గజాల వేగంతో, అంటే దాదాపు 11 కిలోమీటర్ల వేగంతో బయటికి రావాలని నవలలోనే రాశాడు. భూమి ఆకర్షణను దాటడానికి కావలసింది 11.2 కిలోమీటర్లు. అక్కడిదాకా బాగానే ఉంది.

చిక్కంతా ఆ వేగాన్ని ఎంత దూరంలో అందుకోవాలన్న దగ్గర వచ్చింది. ఫిరంగి గొట్టం పొడవు 274 మీటర్లు. సున్నా నుంచి 11 కిలోమీటర్ల వేగానికి ఆ కాస్త దూరంలోనే, సెకనులో ఇరవయ్యో వంతులో చేరాలి. బడిలో చెప్పే సూత్రమే చాలు: వేగాన్ని వర్గం చేసి, దూరానికి రెట్టింపుతో భాగించాలి. వచ్చే త్వరణం భూమి గురుత్వ త్వరణానికి 22 వేల రెట్లు. 60 కిలోల మనిషి ఆ క్షణంలో 13 లక్షల కిలోలు తూగుతాడు. దెబ్బ తగలకుండా వెర్న్ గుండు అడుగున నీళ్లు నింపిన అర పెట్టాడు. పాపం, ఆ నీళ్లు మాత్రం ఏం చేస్తాయి!

ట్రాన్సిల్వేనియాలో హెర్మన్ ఓబర్త్ అనే కుర్రవాడికి పదకొండో ఏట ఈ నవలను తల్లి ఇచ్చింది. మళ్లీ మళ్లీ చదివాడు. లెక్కలు వంటబట్టాక వెర్న్ అంకెలను ఒక్కొక్కటే తనిఖీ చేశాడు. వేగం సరే, మనుషులు మాత్రం నుజ్జయిపోతారని తేలింది. మరయితే వేగాన్ని నిమిషాల తరబడి నిదానంగా పెంచుకుంటూ పోయే సాధనం ఏది? రాకెట్. మోసుకెళ్తున్న ఇంధనాన్నే మండించి వెనక్కి చిమ్ముతుంది కనుక, అది ఉన్నంతసేపూ తనను తాను నెట్టుకుంటూ పోగలదు. దానికి చుట్టూ గాలి కూడా అక్కర్లేదు. అపోలో యాత్రికులు పైకి వెళ్లేటప్పుడు భరించింది మహా అయితే నాలుగు రెట్ల భారం.

విచిత్రం ఏమిటంటే వెర్న్ గుండులో రాకెట్లు ఉండనే ఉన్నాయి. చంద్రుడి మీద దిగేటప్పుడు వేగం తగ్గించడానికి పెట్టాడు. వాటితోనే బయల్దేరవచ్చన్న ఆలోచన మాత్రం ఆయనకు రాలేదు.

ఓబర్త్ లెక్కలు 1923లో పుస్తకంగా వచ్చాయి. ఆ పుస్తకం తెరిచి, గణితం అర్థంకాక, దాన్ని అర్థం చేసుకోవడానికే గణితం మీద పడ్డ కుర్రాడు వెర్నర్ ఫాన్ బ్రౌన్. అపోలో యాత్రికులను చంద్రుడి వైపు మోసుకెళ్లిన శాటర్న్-5 రాకెట్ నిర్మాణానికి తర్వాత నాయకుడయ్యాడు. రష్యాలో చెవుడున్న బడిపంతులు సియోల్కోవ్‌స్కీ కూడా తన ఆలోచనకు విత్తనం వెర్న్ వేశాడని చెప్పుకున్నాడు. రాకెట్ సూత్రాన్ని ఆయన 1903లో ప్రచురించాడు. అమెరికాలో రాబర్ట్ గొడార్డ్‌ను కదిలించింది వెల్స్ నవల ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’. భూమిని ధ్వంసం చేసే అంగారకుల కథలో అంతగా కదిలించేది ఏముందంటారా? మరో గ్రహం నుంచి ఇక్కడికి రావచ్చన్న మాట ఒక్కటే అతను పట్టుకున్నాడు. ఆ అంగారకులు కూడా ఫిరంగి గుళ్లలోనే వచ్చారు! ద్రవ ఇంధనంతో నడిచే మొదటి రాకెట్‌ను గొడార్డ్ 1926 మార్చి 16న మసాచుసెట్స్‌లో ఎగరేశాడు. అది రెండున్నర సెకన్లు ఎగిరి, 41 అడుగుల ఎత్తు లేచింది.

ఇక్కడ ఆపితే కథ ముచ్చటగా ఉంటుంది గాని సగమే నిజం. 1929లో ఫ్రిట్జ్ లాంగ్ చంద్రయాత్ర మీద తీసిన జర్మన్ సినిమాకు ఓబర్త్ సలహాదారు. రాకెట్ వదిలే ముందు అంకెలు వెనక్కి లెక్కపెట్టడం ఆ సినిమాతోనే ప్రచారంలోకి వచ్చింది. ప్రేక్షకుల ఉత్కంఠ కోసం లాంగ్ వేసిన ఎత్తు అది. పదమూడేళ్ల తర్వాత జర్మనీలో విజయవంతంగా లేచిన తొలి వీ-2 రాకెట్ మీద ఆ సినిమా బొమ్మే వేశారు. ఆ వీ-2లు లండన్ మీద పడ్డాయి. వాటి తయారీలో వేల మంది ఖైదీలు చనిపోయారు. యుద్ధపు ఫిరంగితో ప్రయాణం చేయించాడు వెర్న్. ఆయన పాఠకుడైన ఓబర్త్‌కు పాఠకుడు, వీ-2 నిర్మాత ఫాన్ బ్రౌన్, ప్రయాణ సాధనాన్ని ముందు యుద్ధానికి అప్పజెప్పాడు.

వెర్న్‌ది భవిష్యత్తు మీద నమ్మకం ఒక్కటే ఉండి, అంకె అనేది లేని కథ అయితే ఓబర్త్‌కు సరిచూడడానికి ఏమీ ఉండేది కాదు. మీ ఇంట్లో తొమ్మిదో పదో తరగతి పిల్లలుంటే ఈ నవల చేతికివ్వండి, పక్కన ఒక కాగితం కూడా పెట్టండి. ప్రయాణికుల మీద నాలుగు రెట్లకు మించి భారం పడకూడదంటే ఫిరంగి గొట్టం ఎంత పొడవుండాలో కట్టమనండి. జవాబు 1,500 కిలోమీటర్లు దాటాలి.