శీలం, సమాధి, ప్రజ్ఞ: సూరత్ తీరంలో బౌద్ధ మార్గం

బుద్ధుడు చెప్పిన ఆర్య అష్టాంగ మార్గం మూడు భాగాలుగా ఉంటుంది. సమ్యక్ వాక్కు, కర్మ, ఆజీవం శీలం కిందికి వస్తాయి. సమ్యక్ వ్యాయామం, స్మృతి, సమాధి కలిసి సమాధి భాగం. సమ్యక్ దృష్టి, సంకల్పం ప్రజ్ఞ. మజ్ఝిమ నికాయంలోని చూళవేదల్ల సుత్తంలో ఇలా విడదీసి చెప్పింది ధమ్మదిన్న అనే భిక్షుణి. తానైనా ఇలాగే చెప్పేవాడినని బుద్ధుడు ఆమెను మెచ్చుకున్నాడు.

అష్టాంగాల వరుసలో ప్రజ్ఞ ముందుంటుంది, సాధనలో మాత్రం శీలంతోనే మొదలు. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గ గ్రంథాన్ని ఈ క్రమంలోనే రాశాడు. 23 అధ్యాయాల్లో శీలానివి రెండే అయినా, మిగతావన్నీ వాటి మీదే నిలుస్తాయి. అబద్ధమాడినవాడి మనసు దాన్ని కప్పిపుచ్చుకునే పనిలోనే తిరుగుతుంటే ధ్యానం కుదరదు.

సూరత్‌లాంటి వ్యాపార నగరంలో శీలానికి అసలు పరీక్ష ఆజీవం దగ్గరే. చీరల మార్కెట్లు, వజ్రాల సాన, తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు నడిపే మరమగ్గాలు ఇక్కడి బతుకుతెరువులు. బౌద్ధం వ్యాపారాన్ని ఎన్నడూ తప్పనలేదు. ఉపాసకులకు అంగుత్తర నికాయం వద్దన్నవి ఆయుధాలు, మనుషులు, మాంసం, మత్తు, విషం, ఈ ఐదింటి అమ్మకాలే. అయితే తప్పుడు తూకాన్ని, తప్పుడు కొలతను సుత్తాలు పేరుపెట్టి మరీ ఖండించాయి. బట్టలు, రత్నాలు అమ్మే ఊరికి నేరుగా తగిలే మాట ఇది.

ఈ తీరపు వర్తకులు బౌద్ధానికి కొత్తవారు కారు. సూరత్‌కు ఉత్తరాన భరుకచ్ఛం, దక్షిణాన సుప్పారకం ప్రాచీన రేవులు. ఓడ మునిగి సుప్పారక తీరానికి కొట్టుకొచ్చిన వర్తకుడు బాహియుడు, శ్రావస్తి వీధిలో బుద్ధుడు చెప్పిన కొద్ది మాటలకే విముక్తి పొందాడు. చూసినదాన్ని చూసినదిగా, విన్నదాన్ని విన్నదిగా మాత్రమే గ్రహించమన్నదే ఆ బోధ సారం. క్రమం దాటినట్టు కనిపించే ఈ కథకు అట్ఠకథలు, అంటే పాళీ వ్యాఖ్యానాలు, పూర్వజన్మల సాధనను కారణంగా చూపుతాయి.

మిగతావారికి క్రమం తప్పదు. 1969లో బర్మా నుంచి వచ్చిన ఎస్.ఎన్. గోయెంకా భారతదేశంలో విపశ్యన ధ్యాన శిబిరాలు మొదలుపెట్టారు. సూరత్‌కు దక్షిణాన, నవ్‌సారి జిల్లా గణదేవి తాలూకాలోని ధమ్మ అంబిక కేంద్రంలోనూ, హైదరాబాద్ ధమ్మఖేత్త కేంద్రంలోనూ పది రోజుల శిబిరాల పద్ధతి ఒకటే. ముందు పంచశీల, ఆర్యమౌనం. మొదటి మూడు రోజులు సహజంగా సాగే శ్వాసను గమనిస్తూ మనసును నిలపడం సమాధి. నాలుగో రోజు నుంచి ఒంట్లో పుట్టి పోయే సంవేదనలను రాగద్వేషాలు లేకుండా చూడటం ప్రజ్ఞ. అనిత్యం పుస్తకపు మాటగా మిగలకుండా స్వయంగా ఎరుకయ్యేది ఇక్కడే. పదో రోజు మౌనం విడిచి మైత్రీ భావన నేర్పుతారు. ఇంటికెళ్లాక పంచశీలను పాటిస్తూ, ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట సాధన చేయమంటారు.