ఆర్డర్ షిప్ అయింది... మరి ట్రాకింగ్ ఎందుకు కదలట్లేదు?

సేల్‌లో కొత్త ఫోన్ బుక్ చేశారు. డబ్బులు కట్ అయ్యాయి. సాయంత్రానికల్లా 'షిప్డ్' అని మెసేజ్ కూడా వచ్చింది. ఆ తర్వాత రెండు రోజులుగా ఎన్నిసార్లు యాప్ ఓపెన్ చేసినా అదే 'షిప్డ్'. మీరుండేది శ్రీకాళహస్తి లాంటి ఊరైతే ఈ టెన్షన్ ఇంకాస్త ఎక్కువ. ప్యాకెట్ పోయిందా? మధ్యలో ఎవరైనా కొట్టేశారా? చాలాసార్లు అలాంటిదేమీ ఉండదు. కానీ కొన్నిసార్లు నిజంగానే ఏదో తేడా జరిగి ఉంటుంది. ఈ రెండింటినీ ఎలా గుర్తుపట్టాలో చూద్దాం.

ట్రాకింగ్ అంటే జీపీఎస్ కాదు

క్యాబ్ బుక్ చేస్తే మ్యాప్‌లో కారు కదులుతూ కనిపిస్తుంది, ఎందుకంటే డ్రైవర్ ఫోన్‌లో జీపీఎస్ ఉంటుంది. మీ పార్శిల్‌లో అలాంటిదేమీ లేదు. దాని మీద ఉండేది ఒక బార్‌కోడ్ స్టిక్కర్, అంతే. ఎవరో ఒకరు స్కానర్ పెట్టి దాన్ని 'బీప్' అనిపిస్తేనే మీ యాప్‌లో కొత్త లైన్ వస్తుంది. అంటే యాప్ చెప్పేది ప్యాకెట్ చివరిసారి ఎక్కడ స్కాన్ అయిందో మాత్రమే. ఒక స్కాన్‌కీ ఇంకో స్కాన్‌కీ మధ్య అది లారీలో ఉన్నా, గోడౌన్ మూలన పడి ఉన్నా మీకు కనిపించేది ఒకటే.

'షిప్డ్' అన్నా కదలకపోవచ్చు

సెల్లర్ లేబుల్ ప్రింట్ చేయగానే ట్రాకింగ్ నెంబర్ వచ్చేస్తుంది. చాలా సైట్లు అప్పుడే 'షిప్డ్' మెసేజ్ పంపేస్తాయి. ప్యాకెట్ మాత్రం ఇంకా సెల్లర్ టేబుల్ మీదే ఉంటుంది. కొరియర్ వాళ్లు వచ్చి తీసుకెళ్లి, తమ హబ్‌లో స్కాన్ చేస్తేనే అసలు ప్రయాణం మొదలైనట్టు. 'మేనిఫెస్టెడ్', 'పికప్ పెండింగ్', 'షిప్‌మెంట్ ఇన్ఫర్మేషన్ రిసీవ్డ్' అని కనిపిస్తే అర్థం ఇదే. శనివారం రాత్రి లేబుల్ పడితే సోమవారం దాకా ఇలాగే ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

దారిలో ఎందుకంత సైలెన్స్?

పెద్ద హబ్‌లో ఒకే వైపు వెళ్లే ప్యాకెట్లన్నీ ఒక బ్యాగ్‌లో వేసి సీల్ చేస్తారు. అక్కడి నుంచి స్కాన్ చేసేది ఎక్కువగా ఆ బ్యాగ్‌నే. తర్వాతి హబ్‌లో బ్యాగ్ విప్పి, ఒక్కొక్కటీ విడిగా స్కాన్ చేసేదాకా మీ ప్యాకెట్‌కి కొత్త అప్‌డేట్ ఉండకపోవచ్చు. సిటీలో ఉన్నవాళ్ల పార్శిల్ ఒకటి రెండు హబ్‌లతో ఇల్లు చేరుతుంది. మనకి అలా కాదు. పెద్ద హబ్ నుంచి తిరుపతి వైపు, అక్కడి నుంచి శ్రీకాళహస్తి డెలివరీ సెంటర్‌కి రావాలి. ఒక్క బండి మిస్ అయితే ఒక రోజు పోయినట్టే.

ఇక్కడో తమాషా ఉంది. షావోమీ 2015 ఆగస్టులో విశాఖపట్నంలో లాంచ్ చేసిన రెడ్‌మీ 2 ప్రైమ్ గుర్తుందా? ఆ కంపెనీకి ఇండియాలో తయారైన మొదటి ఫోన్ అదే. తయారైంది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంట్‌లో. శ్రీసిటీ, శ్రీకాళహస్తి రెండూ ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉన్నాయి. అయినా ఆన్‌లైన్‌లో కొన్న ఫోన్ ఫ్యాక్టరీ నుంచి నేరుగా మన ఇంటికి రాదు. స్టోర్ వేర్‌హౌస్ ఏ బెంగళూరు దగ్గరో ఉంటే అక్కడిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి రావాల్సిందే.

పిన్ కోడ్ ఒకసారి చూసుకోండి

ప్యాకెట్‌ని దారి పట్టించేది ముఖ్యంగా పిన్ కోడే. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరంకెల కోడ్‌లో మొదటి అంకె జోన్ చెబుతుంది. మొదటి మూడు కలిపితే సార్టింగ్ జిల్లా, చివరి మూడు డెలివరీ పోస్టాఫీసు. శ్రీకాళహస్తికి 517644. 2022 ఏప్రిల్‌లో మన ఊరు చిత్తూరు నుంచి కొత్త తిరుపతి జిల్లాలోకి వచ్చినా పిన్ మారలేదు. కాబట్టి అడ్రస్‌లో పాత జిల్లా పేరున్నా పెద్దగా ఇబ్బంది ఉండదు. పిన్‌లో ఒక్క అంకె తప్పితే మాత్రం ప్యాకెట్ వేరే ఊరు చూసి వస్తుంది.

స్టోర్ యాప్ కన్నా కొరియర్ సైట్ బెటర్

స్టోర్ యాప్ తనంతట తాను ట్రాక్ చేయదు. కొరియర్ సర్వర్ నుంచి ఏపీఐ ద్వారా డేటా తెచ్చుకుంటుంది. అది వెంటనే జరగకపోతే యాప్ వెనకబడిపోతుంది. అందుకే ట్రాకింగ్ నెంబర్ కాపీ చేసి కొరియర్ సొంత సైట్‌లో చూడండి. స్పీడ్ పోస్ట్ అయితే ఇండియా పోస్ట్ సైట్‌లో చూడాలి. ఆ నెంబర్‌లో మొత్తం 13 క్యారెక్టర్లు ఉంటాయి: ముందు రెండు అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర 'ఐఎన్'. తొమ్మిదో అంకె చెక్ డిజిట్, అంటే ముందున్న ఎనిమిదింటిని బట్టి లెక్కకట్టి వేసేది. సెల్లర్ ఇచ్చిన నెంబర్ ఈ ఫార్మాట్‌లోనే లేకపోతే, అనుమానించాల్సిందే.

ఎప్పుడు వెయిట్ చేయాలి, ఎప్పుడు కంప్లైంట్ చేయాలి?

- హబ్‌ల మధ్య రెండు మూడు రోజులు సైలెంట్‌గా ఉంటే: చెప్పిన డెలివరీ తేదీ దాకా ఆగండి.
- లేబుల్ స్టేజ్‌లోనే నాలుగు రోజులు దాటితే: కొరియర్‌ని కాదు, సెల్లర్‌ని అడగండి.
- కాల్ రాకుండానే 'కస్టమర్ అందుబాటులో లేరు' అని పడితే: కాల్ లాగ్, ట్రాకింగ్ పేజీ స్క్రీన్‌షాట్లు తీసి అదే రోజు కంప్లైంట్ పెట్టండి.
- చేతికి రాకుండానే 'డెలివర్డ్' అని చూపిస్తే: ఒక్క రోజు కూడా ఆగొద్దు.

2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం స్టోర్‌కి ఒక గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. కంప్లైంట్ అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. పని కాకపోతే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయండి.

ఈ గ్యాప్‌లోనే దొంగలు దూరుతారు

'మీ పార్శిల్ వేర్‌హౌస్‌కి వచ్చింది, అడ్రస్ సరిగా లేదు, ఈ లింక్‌లో అప్‌డేట్ చేయండి' అని ఇండియా పోస్ట్ పేరుతో ఎస్ఎంఎస్‌లు తిరుగుతుంటాయి. ఇవి ఫేక్ అని పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఇదివరకే చెప్పింది. ట్రాకింగ్ కదలక టెన్షన్‌లో ఉన్నప్పుడు ఇలాంటి మెసేజ్ వస్తే ఎవరైనా నొక్కేస్తారు. వాళ్లకి కావాల్సింది అదే. లింక్ ఓపెన్ చేయకండి, అడ్రస్ మార్చాలంటే ఆర్డర్ పెట్టిన యాప్‌లోకే వెళ్లండి. పొరపాటున డబ్బులు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే ఛాన్స్ అంత ఎక్కువ.

మొత్తానికి, ఈసారి ట్రాకింగ్ ఆగిపోతే పదేపదే రిఫ్రెష్ కొట్టడం మానేసి, చివరి స్కాన్ ఎక్కడ, ఎప్పుడు పడిందో చూడండి. వెయిట్ చేయాలా, కంప్లైంట్ పెట్టాలా అన్నది ఆ ఒక్క లైన్‌తోనే చాలావరకు తేలిపోతుంది.