అర కిలో ఖీమా, పన్నెండు ముక్కలు

జిద్దా, రియాద్, దమ్మామ్ నగరాల్లో కొన్నేళ్ళు కుటుంబంతో నివసించి తిరిగివచ్చిన మనవారి ఇళ్ళలో ఖర్జూరాలు, జానమాజులతోపాటు ఒక వంటకం కూడా తరచు కనిపిస్తుంది. ఈజిప్టువారు దానిని ‘మకరోనా బషామీల్’ అంటారు. అడుగున మాకరోనీ, నడుమ ఖీమా, ఆపైన మళ్ళీ మాకరోనీ, అన్నిటిపైన పాలతో కాచిన చిక్కని తెల్లని సాస్. ఇవన్నీ ఒకే ట్రేలో పేర్చి ఓవెన్‌లో కాల్చుతారు. మా ఇంటికి ఇది పొరుగింటి పళ్ళెంలో వచ్చింది. జిద్దాలో మా భాబీ ఉన్న భవనంలో ఎదురింటి ఈజిప్టు ఇల్లాలు ఒక శుక్రవారం రెండు ముక్కలు పంపింది. పొరుగువారి పళ్ళెం ఖాళీగా తిప్పి పంపని ఆనవాయితీ మనది కనుక భాబీ అందులో బగారా అన్నం, దాల్చా పెట్టి పంపింది. ఒకరి భాష మరొకరికి అంతంత మాత్రమే అయినా ఆ తరువాత వంటలు నేర్చుకోవడానికి అది అడ్డు రాలేదు.

ఈ వంటకం అరబ్బుల ప్రాచీన సంపద ఏమీ కాదు. ఇటలీ నుంచి గ్రీసుకు చేరి ‘పాస్టిట్సియో’ అయిన వంటకానికి ఇది బంధువు. దానిపై ఫ్రెంచివారి బెషామెల్ సాస్ పోయడం 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో గ్రీకు పాకశాస్త్ర రచయిత నికొలావోస్ త్సెలెమెంతెస్ వల్ల వ్యాపించిందని ప్రసిద్ధి. ఆ కాలంలో అలెగ్జాండ్రియా, కైరో నగరాల్లో గ్రీకులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. గ్రీకుల్లో కొందరు ఖీమాలో ద్రాక్ష సారాయి పోస్తారు. ముస్లిం గృహిణి దానికి చోటివ్వక, మాంసం ఉడికించిన రసాన్ని సాస్‌లో కలిపింది. రుచి ఏమీ తగ్గలేదు సరికదా, పెరిగింది.

ఇక మాంసం మాట. 1977 నాటి చట్టం ప్రకారం ఉభయ తెలుగు రాష్ట్రాల్లోనూ గోవధ నిషిద్ధం. మన ఇళ్ళలో ‘బడే కా గోష్త్’ అంటే ఎక్కువగా గేదె, దున్నల మాంసమే. ఈజిప్టులోనూ గేదెలను విరివిగా పెంచుతారు కనుక ఈ వంటకానికి అది పరాయిదేమీ కాదు. గేదె మాంసానికి పోగు ముతక, కొవ్వు తక్కువ. తెలిసిన ఖసాయి వద్ద తీసుకొని, ఖీమాను రెండుసార్లు ఆడించమనడం మేలు. అర కిలో చాలు. రెండు పెద్ద ఉల్లిపాయలను సన్నగా తరిగి నూనెలో మగ్గించి, ఖీమా వేసి, ఊరిన నీరంతా ఇంకేదాకా వేయించాలి. తరువాత అర గ్లాసు నీళ్ళు పోసి మూతపెట్టి, మెత్తబడేదాకా సన్నని సెగపై ఉంచి, మళ్ళీ పొడిగా ఇగిరించాలి. తడి మిగిలితే ముక్క కోసేటప్పుడు విడిపోతుంది. ఉప్పు, మిరియాల పొడి, చిటికెడు దాల్చిన చెక్క పొడి, ఒక టమాటా: ఇంతే. అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా వేయకుండా మన చేయి ఆగదని మాకు తెలుసు. కాని అవి వేస్తే అది సమోసా ఖీమా అవుతుంది, పాల రుచి అణగిపోతుంది.

కష్టమంతా తెల్ల సాస్ వద్దే. మొదటిసారి మేము కాగుతున్న పాలను ఒక్కసారిగా పిండిలో కుమ్మరించాము. క్షణంలో ఉండలు కట్టింది. పైకి ఉడికినట్లు కనిపించిన ఆ ఉండల లోపల పొడి పిండి అలాగే ఉండిపోయింది. మైదాలోని పిండిపదార్థం వేడి తగలగానే నీటిని పీల్చి ఉబ్బుతుంది. రేణువులు విడివిడిగా ఉంటే పాలన్నీ సమంగా చిక్కబడతాయి, ఒకదానికొకటి అంటుకొని ఉంటే వెలుపలి పొర ఉడికి లోపలికి తడి పోనివ్వదు. ముందుగా వెన్నలో మైదా వేయించడం ఇందుకే. ప్రతి రేణువు చుట్టూ కొవ్వు పట్టి, వాటిని విడదీసి ఉంచుతుంది.

100 గ్రాముల వెన్నను కరిగించి, అంతే తూకం మైదా వేసి, సన్నని సెగపై రెండు మూడు నిమిషాలు వేయించాలి. పచ్చివాసన పోవాలి, రంగు మాత్రం మారకూడదు. గోరువెచ్చని పాలు ఒక లీటరు తీసుకొని, మొదట ఒక గరిటెడు పోసి బాగా కలిపి, అది ముద్దయ్యాక మరొక గరిటెడు పోయాలి. సగం పాలు కలిసిన తరువాత మిగిలినవి ధారగా పోయవచ్చు. ఒక గ్లాసు మాంసం రసం ఉంటే ఇప్పుడే చేర్చాలి. కలపడానికి చిన్న కవ్వాన్ని మించినది లేదు. ఉడుకు పట్టాక మరో ఎనిమిది నిమిషాలు కలుపుతూనే ఉండాలి. దోసెల పిండికంటె కొంచెం పలుచగా ఉండగానే దించాలి, చల్లారితే అదే బిగుస్తుంది. ఇంత చేసినా ఉండలు కడితే జల్లెడ ఉండనే ఉంది. గోరువెచ్చనయ్యాక గిలక్కొట్టిన ఒక గుడ్డు కలిపితే పైపొర బంగారు రంగు తేలుతుంది.

సంప్రదాయం ప్రకారం సాస్‌లో జాజికాయ పొడి వేస్తారు. ఎక్కువైతే అది మత్తు కలిగిస్తుంది కనుక పండితుల్లో దానిపై చర్చ ఉంది. మేము వేయము, మిరియాలు చాలు. చీజ్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పాలను విరిచి చీజ్ చేయడానికి వాడే రెన్నెట్‌ను పూర్వం దూడ పొట్ట నుంచి తీసేవారు, నేడు సూక్ష్మజీవుల నుంచి కూడా తయారుచేస్తున్నారు. జబీహా కాని పశువు రెన్నెట్‌పై ఇమాముల మధ్య అభిప్రాయభేదం ఉంది. మన దేశంలో పచ్చ గుర్తు ఉన్న చీజ్‌లో పశువు రెన్నెట్ ఉండదు. విదేశాల నుంచి సూట్‌కేసులో వచ్చిన డబ్బాను మాత్రం చదవకుండా తెరవవద్దు. నిజానికి ఎన్నో ఈజిప్టు ఇళ్ళలో చీజ్ లేకుండానే దీనిని వండుతారు.

400 గ్రాముల గొట్టాల మాకరోనీని పాకెట్‌పై రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే దించి వార్చి, సాస్‌లో మూడో వంతు కలపాలి. సగం ట్రేలో పరచి, ఖీమా వేసి, మిగతా మాకరోనీ, ఆపైన మిగిలిన సాస్. 180 డిగ్రీల వద్ద 40 నిమిషాలు. ఓవెన్ లేనివారు ఈద్ బిస్కెట్లకు వెళ్ళినట్లే వీధి బేకరీకి ట్రే తీసుకువెళ్ళవచ్చు. దించాక 20 నిమిషాలు తాకకూడదు, ఈ ఓపిక లేకనే చాలామంది ముక్కలు చెదరగొట్టుకుంటారు. రంజాన్‌లో ఉదయమే పేర్చి ఫ్రిజ్‌లో ఉంచి, అస్ర్ తరువాత కాల్చితే ఇఫ్తార్‌కు అందుతుంది.

అర కిలో ఖీమా కూరగా వండితే మా ఇంట్లో ఐదుగురికి సరి. ఇక్కడ పన్నెండు ముక్కలు వస్తాయి. ఇద్దరి భోజనం ముగ్గురికి చాలుతుందని దైవప్రవక్త (స) బోధించారు. మాంసం ధర పెరిగి అతిథిని పిలవడానికి వెనుకాడే ఇంటికి ఇది చిన్న ఊరట కాదు. అయితే ఇందులో మైదా, వెన్న మెండు. మధుమేహం ఉన్న పెద్దలకు ఒక చిన్న ముక్క, పక్కన కీరా, నిమ్మరసం. వారం వారం వండవలసిన వంటకం కాదు.

పొరుగుకు పంపే విషయంలో ఒక మాట. మన వీధుల్లో ఈ మాంసం తినని హిందూ కుటుంబాలు ఉంటాయి. వారికి చెప్పకుండా పంపడం అమానతుకు ద్రోహం. మేము ఖీమాకు చేయి తగలకముందే, మాంసం రసం, గుడ్డు కలపకముందే కొంత సాస్, మాకరోనీ వేరు తీసి, బఠాణీ, క్యాలీఫ్లవర్‌తో వేరే గరిటెతో చిన్న ట్రే పేర్చి ముందుగా కాల్చుతాము. మొన్న పక్కింటి అక్కయ్య ఆ పళ్ళెం నిండా జంతికలు పెట్టి పంపింది.