మానిటర్ మార్చాలా, అక్కరలేదా?

ఈ సంవత్సరపు సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శి అడిగినప్పుడు "ద్రవస్ఫటికాల భౌతిక ధర్మాలు" అని శీర్షిక చెప్పాను. అతని ముఖం చూస్తే నాకే జాలేసింది. "అది నువ్వూ, మీ ప్రొఫెసరుగారూ చదువుకుంటారు గాని, హాస్టల్లో అందరూ నిన్నడిగే ప్రశ్న ఒకటుంది గదా, దానికి జవాబు వ్రాయకూడదూ?" అన్నాడు. ఆ ప్రశ్న ఏమిటంటే, తెరల్లో ఇన్ని కొత్త రకాలు వచ్చాయి, ఉన్న మానిటర్ తీసేసి కొత్తది కొనడం లాభమా, దండుగా? నిజం చెప్పాలంటే దీనికి జవాబు నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. మా నాన్నగారి డబ్బు తగలెయ్యబోయి నేర్చుకున్నాను.

తెనాలిలో మా నాన్నగారికి చిన్న డి.టి.పి. షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజు చేసి ప్రెస్సుకు పంపుతారు. అక్కడున్న మానిటర్ 18.5 అంగుళాలది, అడ్డంగా 1366 చుక్కలు, నిలువుగా 768. నేను హైస్కూల్లో ఉండగా కొన్నది. రెండేళ్ళ క్రితం ఒక శుభలేఖలో "వరుడు" అన్న మాట "పరుడు" అని అచ్చయిపోయింది. ప్రూఫు నాన్నగారే దిద్దారు, అదీ రెండుసార్లు. పెళ్ళికొడుకు తండ్రి వచ్చి, కార్డు బల్లమీద పెట్టి, ఒక్క మాటైనా అనకుండా నిలబడ్డారట. తిడితే బాగుండేదని నాన్నగారు ఇప్పటికీ అంటారు. 400 కార్డులూ సొంత ఖర్చుతో మళ్ళీ వేయించి ఇచ్చారు. ఆ రాత్రి ఫోనులో, "ఏరా, నాకు అక్షరాలు ఆనడం లేదు. ఇంక షాపు మూసెయ్యాలేమో" అన్నారు. నా ఫీజు ఆ షాపులోంచే రావాలి. ఆయన యాభై ఆరేళ్ళు వచ్చాక ఇంకో పని వెతుక్కోలేరు.

నాకా, అప్పటికే తెరల పిచ్చి. "మానిటర్ పాతబడింది నాన్నా, అంతే" అని ధైర్యం చెప్పి, 27 అంగుళాల కొత్తదొకటి తెప్పించాను. సెకనుకు 144 సార్లు బొమ్మ మారుస్తుంది. డబ్బా మీద ఇంకా ఏవేవో బిరుదులున్నాయి. నాన్నగారు పావుగంట పని చేసి, "పెద్దదే గానీ, అక్షరం ముతకగా ఉందిరా" అన్నారు. నాకు కోపం వచ్చింది. తీరా స్కేలు పెట్టి కొలిస్తే ఆయన మాటే నిజం!

లెక్క చాలా చిన్నది. తెర వెడల్పును అడ్డంగా ఉన్న చుక్కల సంఖ్యతో భాగిస్తే ఒక్క చుక్క ఎంతుందో తెలుస్తుంది. పాత మానిటర్‌లో చుక్క 0.30 మిల్లీమీటరు. నేను కొన్నది 27 అంగుళాలే గాని, అందులోవి 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలే కనుక ఒక్కొక్కటి 0.31. అంటే కొత్తది పాతదానికన్నా ముతక అన్నమాట. ఇక కంటి సంగతి చూడండి. ఆరోగ్యమైన కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకు రెండు గీతలను విడివిడిగా చూడగలదు. 60 సెంటీమీటర్ల దూరంలో అది సుమారు 0.17 మిల్లీమీటరు అవుతుంది. అదే 27 అంగుళాల్లో 2560 అడ్డం, 1440 నిలువు ఉంటే చుక్క 0.23, ఫోర్ కె అనే 3840 అడ్డం, 2160 నిలువు ఉంటే 0.16. ఈ చివరిది కంటి హద్దును దాటిపోయింది. ఆ దూరంలో అంతకన్నా సన్నం చేసినా చూసేవాడికి ఒరిగేది స్వల్పం.

ఇంగ్లీషు చదివేవాడికి ముతక తెర అంతగా బాధించదు. మన లిపి సంగతి వేరు. తెలుగు అక్షరం మూడంతస్తుల మేడ. పైన తలకట్టో గుడో, మధ్య అక్షరం, కింద ఒత్తులు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరాన్ని తలచుకోండి. 12 పాయింట్ల అక్షరమంటే అంగుళంలో ఆరో వంతు. అసలు సైజులో చూస్తే మా పాత తెరమీద ఆ మూడంతస్తులకూ కలిపి దక్కేది 14 చుక్కలు. 2560 చుక్కల తెరమీద 18, ఫోర్ కె మీద 27. ప, వ లకు తేడా పైనున్న చిన్న సందు. థ, ధ లకు తేడా కడుపులో ఒక్క బొట్టు. 14 చుక్కల్లో ఆ సందుకు చోటేదీ? పెద్దది చేసి చూసుకోవచ్చు గదా అంటారు. చూడొచ్చు, కాని అప్పుడు పేజీ మొత్తం కనబడదు. కంపోజిటరుకు రెండూ కావాలి.

ఇక కొత్త రకాల మాట. ద్రవస్ఫటికాలను 1888లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు గమనించాడు. వాటితో తెర చేయవచ్చునని 1968లో అమెరికాలో హైల్‌మైయర్ బృందం చూపించింది. మనవాళ్ళ పాత్రా ఉంది. సి.వి.రామన్ గారి మేనల్లుడు ఎస్.చంద్రశేఖర్ 1977లో బెంగుళూరులోని రామన్ పరిశోధనాలయంలో బిళ్ళల ఆకారపు అణువులు కూడా ద్రవస్ఫటికాలు కాగలవని తన సహచరులతో కలిసి కనుగొన్నారు. పక్కనుంచి చూసినా బొమ్మ వెలిసిపోకుండా తెరల మీద అతికే పొరల్లో తర్వాత అటువంటి అణువులనే వాడారు. (కార్యదర్శి ఇది కొట్టెయ్యకపోతే సంతోషం.) ఈ తెరల్లో వెనకనుంచి దీపం వెలుగుతూనే ఉంటుంది, స్ఫటికాలు తలుపుల్లా మూస్తాయి. పూర్తిగా మూయలేవు కనుక నలుపు కాస్త బూడిదరంగుగా ఉంటుంది. ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా తనే వెలుగుతుంది, ఆరితే నిజంగా చీకటే. 1987లో కోడక్ కంపెనీలో టాంగ్, వాన్‌స్లైక్ చూపించిన పద్ధతికి ఇది వారసురాలు.

రాత్రి గదిలో దీపం ఆర్పి సినిమా చూసేవాడికి ఇది అద్భుతమే, కాదనను. మా షాపుకు మాత్రం వీధి వెలుతురు తిన్నగా తెరమీద పడుతుంది. ఆ మెరుపులో ఏ నలుపైనా ఒకటే. పైగా రోజంతా ఒకే మెనూ కదలకుండా ఉంటే ఓఎల్ఈడీ మీద దాని మచ్చ పడే భయముంది. చాలా ఓఎల్ఈడీ మానిటర్లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం గింజల అమరిక వేరుగా ఉండడం వల్ల అక్షరాల అంచున రంగు చార కూడా కనిపిస్తుంది. 144 సార్ల సంగతీ అంతే. 60 సార్లయితే బొమ్మకు బొమ్మకు మధ్య 16.7 మిల్లీసెకన్లు, 144 అయితే 6.9. ఆట ఆడేవాడికి అది గెలుపోటములు. శుభలేఖలో అక్షరం ఎక్కడికీ పరుగెత్తదు గదా!

కొన్నది గడువులోగా వాపసు చేసి, ఒక మిత్రుని ఫోర్ కె మానిటర్ తెచ్చి పెట్టి చూశాను. అక్షరాలు అచ్చులో ఉన్నట్టే ఉన్నాయి. కాని పేజ్‌మేకర్ పాత ప్రోగ్రాము కనుక దాని మెనూలు చీమల్లా అయిపోయాయి. షాపు కంప్యూటరు పాత హెచ్.డి.ఎమ్.ఐ.ది, ఫోర్ కె ని సెకనుకు 30 సార్లకు మించి పంపలేదు. బాణం గుర్తు ఈడ్చుకుంటూ నడిచింది. కొత్త తెర కొంటే కొత్త కంప్యూటరు కూడా కొనాలన్నమాట.

ఈలోగా మా అమ్మ, "ముందు ఆయన కళ్ళు చూపించండర్రా" అని కేకలేసింది. గుంటూరులో కంటి డాక్టరు చూసి, "చత్వారం అద్దాలు పుస్తకం దూరానికి ఇచ్చినవి, జానెడున్నర. మీ తెర ఉన్నది రెండడుగుల దూరంలో. అద్దం కిందిభాగంలోంచి చూడాలని రోజంతా తల పైకెత్తుతున్నారు" అని తెర దూరానికి వేరే అద్దాలు వ్రాశారు. మానిటర్ ఖరీదులో పదోవంతు కూడా కాలేదు.

అవి వచ్చాక ఒక పరీక్ష పెట్టాను. ప-వ, థ-ధ, ద-ధ జంటలు కలగాపులగంగా కంపోజు చేసి చదివించాను. కొత్త అద్దాలతో పాత మానిటర్ మీదే ప, వ లు తప్పు లేకుండా చెప్పారు. 10 పాయింట్లలో థ, ధ లు మాత్రం ఆ తెరమీద నావల్లా కాలేదు, నాకు ఇరవై మూడేళ్ళు. అందుచేత చివరికి 27 అంగుళాల్లో 2560 చుక్కల మామూలు ఐ.పి.ఎస్. మానిటర్ కొన్నాం. పాత కంప్యూటరు దాన్ని సులువుగానే నడుపుతోంది. మెనూలు చదవడానికి వీలుగా ఉన్నాయి. "కథ" ను "కధ" అని వ్రాసి తెచ్చే కవులను ఇప్పుడు నాన్నగారు తెరమీదే పట్టుకుంటున్నారు.

హాస్టల్ మిత్రులు తెర మార్చే ముందు ఒకసారి నా గదికి రండి. స్కేలు నా దగ్గరుంది. పాత 18.5 అంగుళాలది కూడా నా బల్లమీదే ఉంది. ఈ వ్యాసం దానిమీదే కంపోజు చేశాను. ప్రూఫు మాత్రం తెనాలి పంపాను.