మీకు తెలుసా? గని మూతపడ్డాక గడ్డి మొలవాల్సిందే!

కుప్పం దగ్గర గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులు 2001లో కోలారు గనులతో పాటే మూతపడ్డాయి. ఏనుగులు తిరిగే కౌండిన్య అభయారణ్యం ఉన్నదీ ఈ ప్రాంతంలోనే.

ఇలా తవ్వకం ముగిసిన నేలలో పశువులకు, అడవి జంతువులకు మేత దొరికేలా గడ్డి పెంచాలని, ఖర్చు గని లీజుదారులే భరించాలని షరతు పెట్టమని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న కేంద్రాన్ని ఆదేశించింది. అసలు కీలకం పైమట్టి. తవ్వేముందే దాన్ని తీసి విడిగా పోసుకుని, గొయ్యి పూడ్చాక మళ్లీ పరిస్తే అందులోని విత్తనాలు, వేళ్లు వానకు చిగురిస్తాయి. ఉత్త రాతిపొడిలో మొక్క నిలవడం కష్టం.

మరి ఊళ్లకో? 2015 గనుల చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. లీజుదారులు రాయల్టీకి అదనంగా కట్టే ఆ సొమ్ము గని ప్రభావిత ఊళ్ల తాగునీటికి, వైద్యానికి, చదువుకు వాడాలి. మీ వాటా ఏమైందో గ్రామసభలో అడగండి.